కిందికి దించడానికెంత?

మా మేనత్తకి ఒకటే జబ్బు. ఎవరు ఏ మంచి వార్త మోసుకొచ్చినా, "బాగానే ఉంది గానీ, కిందికి దించడానికెంత?" అని అడుగుతుంది. పరీక్ష పాసయ్యామన్నా అదే ప్రశ్న, ఇల్లు కొన్నామన్నా అదే ప్రశ్న, పాప పుట్టిందన్నా అదే ప్రశ్న. అది విన్నాక మొహం మాడకుండా నిలబడ్డవాళ్లని నేను చూడలేదు.

అత్తయ్య లోహాలు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో పరీక్షల విభాగానికి పెద్ద. మా ఊళ్లో పూర్వం గని ఉండేది. తవ్విన రాయిని కరిగించి రాగి, నికెల్ తీసేవారు. గని అయిపోయాక ఫ్యాక్టరీ పాత సామాను మీద పడింది. విరిగిన కంప్యూటర్లు, పాత కార్ల పొగగొట్టాల్లో ఉండే జల్లెళ్లు లారీల్లో వస్తాయి. వాటిని పొడి కొట్టి, కరిగించి, అందులో దాగిన పల్లాడియం, ప్లాటినం లాగుతారు. ఏ లారీలో ఎంత సరుకుందో తేల్చేది అత్తయ్యే. చెంచాడు పొడిని మూసలో పోసి కొలిమిలో పెడుతుంది. చివరికి ఆవగింజలో సగం ఉండే పూస మిగులుతుంది. దాన్ని అద్దాల పెట్టెలో ఉన్న త్రాసు మీద తూస్తుంది.

ఆ త్రాసు ఊపిరి తగిలినా వణుకుతుంది. అందుకని తూచేటప్పుడు అత్తయ్య ఊపిరి బిగబడుతుంది, మాట్లాడుతున్న మాట కూడా అక్కడే ఆపేస్తుంది. "నువ్వు చేసిన తప్పేంటంటే..." అని నాతో మొదలుపెట్టి పూస త్రాసు మీద పెట్టిందంటే, నా తప్పేమిటో తెలియడానికి నేను ఐదు నిమిషాలు ఉరికంబం మీద ఉన్నట్టు నిలబడాలి. ఈలోపు చేసినవీ చేయనివీ తప్పులన్నీ నాకే గుర్తొచ్చేవి. నేను ఆవిడ తమ్ముడి కూతుర్ని, అదే గదిలో రిపోర్టులు రాసే ఉద్యోగిని కూడా. కాబట్టి నాకు ఇంటి చీవాట్లు, ఆఫీసు చీవాట్లు ఒకే నోటి నుంచి అందేవి.

ఇంతకీ ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట మేనేజరుగారు ఒక పేపరు కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించారట. ఆకాశంలో ఎక్కడో ఒక గ్రహశకలం తిరుగుతోంది, అదంతా లోహమే, దాన్ని ఇవాళ్టి ధరకి లెక్కగట్టి భూమ్మీద అందరికీ పంచితే తలకి ఇన్ని కోట్లు వస్తాయి అని దాని సారాంశం. ఆ రోజు ఫ్యాక్టరీలో పని జరగలేదు. కొలిమి మేస్త్రి, "ఇంకేముంది, మన గేటుకి తాళమే," అని తల పట్టుకున్నాడు. స్టోర్స్ గుమాస్తా మాత్రం, "నా వాటా ఇప్పుడిచ్చేస్తే సగానికి సగం తగ్గించుకుంటా," అని అందరితో బేరం పెట్టాడు.

అత్తయ్య ఆ కాగితం రెండుసార్లు చదివి మేనేజరుగారి గదిలోకి వెళ్లింది.

"సార్, అంతా రాశారు గానీ, కిందికి దించడానికెంతో రాయలేదేం?"

"అది వాళ్లు చూసుకుంటారు లెండి."

"ఎవరు వాళ్లు?"

మేనేజరుగారు కిటికీలోంచి ఆకాశం వైపు చూశారట.

తర్వాత మూడు రోజులు అత్తయ్య భోజనం వేళ డబ్బా విప్పకుండా లెక్కలేసింది. ఆవిడ లెక్క కాగితం మీద ఉండదు. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తుంటుంది, పెదాలు కదులుతుంటాయి, అంతే. మొదటి రోజు రాకెట్టు ఖర్చు తేల్చింది. రెండో రోజు పోయి రావడానికి పట్టే ఏళ్లు, అన్నేళ్లు ఇరుక్కుపోయే సొమ్ముకి వడ్డీ. ఈ రెండిటికే ప్లాటినం బోర్లాపడింది. మూడో రోజు ఇంకో చిక్కొచ్చింది. ఖర్చంతా పెట్టుకుని మొత్తం సరుకు దించేశారే అనుకుందాం. అంత వచ్చిపడ్డాక పాత ధర ఎవడిస్తాడు? ఒకప్పుడు అల్యూమినియం బంగారం కంటే ఖరీదు, ఇప్పుడు దాంతో సీసా మూతలు చేస్తున్నారు.

"దించకపోతే రాయి, దించితే రేకు," అని తేల్చేసింది అత్తయ్య. "మధ్యలో ఎక్కడో సన్నటి సందుంది. లాభమంతా ఆ సందులోనే ఉంది. అది దొరికిన రోజున చెప్పండి, నేనే వెళ్లి తవ్వుకొస్తా. ఈలోపు కొలిమి చల్లారిపోతోంది, పదండి."

కొలిమి మేస్త్రి ఆ రోజు కడుపు నిండా తిన్నాడట. అప్పట్నుంచి వెనకాల అందరూ ఆవిణ్ణి ఉల్కమ్మగారు అనడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న మాత్రం ఆకాశంలో ఆగలేదు, మనుషుల మీద పడింది.

మా నాన్నకి ఒకసారి సబ్బుల కంపెనీ లాటరీలో రెండు తలుపుల ఫ్రిజ్ తగిలింది. జన్మలో ఒక్క సీసా మూత కింద కూడా బహుమతి చూడని మనిషి, వీధిలో పరుగెత్తుకుంటూ సరాసరి అక్కగారింటికి వెళ్లాడు. నేనూ అమ్మా వెనకే పరుగు.

"అక్కా! ఫ్రిజ్ వచ్చింది! ఫస్టు ప్రైజు!"

"బాగానే ఉంది గానీ తమ్ముడూ, కిందికి దించడానికెంత?"

"దించడమేంటక్కా, ఎక్కించాలి. మాది నాలుగో అంతస్తు."

"అదే. ఇప్పుడది ఎక్కడుంది?"

నాన్న చీటీ మళ్లీ చదివాడు. ఫ్రిజ్ రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఒక షోరూములో ఉంది. పది రోజుల్లో సొంత ఖర్చుతో పట్టుకుపోవాలి. మా భవనానికి లిఫ్టు లేదు. మెట్ల మలుపులో రెండు తలుపుల ఫ్రిజ్ కాదు, రెండు భుజాల మనిషే పక్కకి తిరగాలి. నాన్న మొహంలో దీపం ఆరిపోయింది.

అమ్మ ఊరుకోలేదు. "వదినా, మీ నోట ఒక్కసారైనా 'అబ్బ, ఎంత మంచి మాట' అని రాదా? నోరు తీపి చేసుకునే వేళ వేపాకు పెడతారేం?"

అత్తయ్య వినిపించుకోలేదు. బొటనవేలు కణుపుల మీద తిరుగుతోంది.

నాన్న అదృష్టం బాగుండి, ఆ వారమే ఫ్యాక్టరీ లారీ ఒకటి అటు నుంచి ఖాళీగా వస్తూ ఫ్రిజ్ని వేసుకొచ్చింది. ఇంకా అదృష్టం బాగుండి, ఆదివారం పొద్దున నలుగురు కొలిమి పనివాళ్లు మా వీధిలోంచే వెళుతూ కనిపించారు. తాళ్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. "చూశారా, లాటరీ తగిలినవాడికి అన్నీ కలిసొస్తాయి," అని నాన్న నెల రోజులు చెప్పుకున్నాడు. ఆదివారం పూట తాళ్లు పట్టుకుని షికారు తిరిగే మనుషులు ఎక్కడైనా ఉంటారా అని మాకెవరికీ తట్టలేదు.

నా సంగతీ అంతే. ఇరవై రెండేళ్లప్పుడు దూరపు కాలేజీలో పై చదువుకి సీటొచ్చింది. ఉత్తరం పట్టుకుని రొప్పుతూ లాబుకి వెళ్లాను. ఆవిడ త్రాసు ముందు ఊపిరి బిగబట్టి ఉంది. ఆ ఐదు నిమిషాలు నిలువుకాళ్ల మీద కాచుకుని, ఊపిరి వదలగానే చెప్పాను. "బాగానే ఉంది గానీ..." అని మొదలుపెట్టింది. మిగతా సగం నేనే పూర్తిచేసి, ఏడుపుగొంతుతో హాస్టల్లో చోటు లేదని, రోజూ అంత దూరం తిరగలేనని చెప్పి, తలుపు ధడాలున వేసి వచ్చేశాను. త్రాసు గంటసేపు వణికిందని తర్వాత తెలిసింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ఎవరో ఒకావిడ, అత్తయ్యతో చదువుకున్నావిడట, కాలేజీ ఎదురుగా తన మేడ మీది గది ఖాళీగా ఉందని రాసింది. సమయానికి దేవుడిలా రాసిందని అమ్మ సంబరపడింది. నేను ఆ దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరాను. అత్తయ్యకి వెళ్లొస్తానని కూడా సరిగ్గా చెప్పలేదు.

చదువయ్యాక అదే లాబులో ఉద్యోగం వచ్చింది. చేరిన ఏడాదే ఆకాశ గనుల కంపెనీ ఒకటి ఊళ్లో దిగింది. వాళ్ల ప్రతినిధి మెడకి టై, చేతికి పెద్ద బొమ్మల పుస్తకంతో క్యాంటీన్లో మీటింగు పెట్టాడు. మేమంతా షేర్లు కొని కోటీశ్వరులం కావాలని ఆయన కోరిక. బొమ్మల్లో గ్రహశకలం బంగాళాదుంపలా ఉంది, పక్కన రాకెట్టు నిలబడి ఉంది.

"ఈ ఒక్కదాంట్లో, భూమ్మీద ఇప్పటిదాకా తవ్విన ప్లాటినం కంటే ఎక్కువుందండీ!"

వెనక బల్ల నుంచి అత్తయ్య గొంతు. "బాగానే ఉంది గానీ నాయనా, కిందికి దించడానికెంత?"

"రాకెట్ల ఖర్చు ఏటికేడు తగ్గుతోంది మేడమ్."

"సంతోషం. తగ్గితే ఎంత తెస్తారు?"

"మొత్తం!"

"మొత్తం వచ్చాక ధరెంత?"

ఆయన పుస్తకంలో రెండు పేజీలు వెనక్కి తిప్పాడు. "అంటే... కొంచెం కొంచెంగా తెస్తామండి."

"కొంచెమే తెస్తే కిలోకి ఎంత పడుతుంది? మొన్న పిడికెడు మట్టి తేవడానికి ఏడేళ్లూ వేల కోట్లూ పట్టాయట కదా?"

ఆయన గ్లాసు ఎత్తి గటగటా తాగాడు.

"ఆ నీళ్లు జాగ్రత్త నాయనా," అంది అత్తయ్య చల్లగా. "అక్కడ పైన ప్లాటినం కంటే అవే ఖరీదు. ఇక్కణ్ణుంచి చెంబెడు నీళ్లు పైకి మొయ్యాలంటే ఇల్లు అమ్ముకోవాలి. అక్కడ నీళ్లు దొరికితే అక్కడే వాడుకోండి, దించనక్కర్లేదు. ఆ వ్యాపారం పెట్టండి, అప్పుడు కొంటా."

క్యాంటీనంతా నవ్వులు. ఒక్క షేరూ అమ్ముడుపోలేదు. ఆయన పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోతుంటే గుమ్మం దగ్గర ఆపి, "తిరిగి వెళ్లడానికి ఎంతవుతుంది? బస్సుందా?" అని అడిగింది. అయినవాడికైనా కానివాడికైనా అదే గోల. బస్సు లేదు. కంపెనీ రెండు నెలలుగా జీతం ఇవ్వలేదని కూడా బయటపడింది. ఆ రాత్రి ఆయన మా ఇంట్లో భోంచేసి, నాన్న లుంగీ కట్టుకుని పడుకున్నాడు. ఓడించినవాణ్ణి ఇంటికి తెచ్చి మరీ మా నెత్తిన పెట్టిందని అమ్మ విసుక్కుంది.

ఇక గడియారాల తాత దగ్గరికి వస్తాను.

ఫ్యాక్టరీ గేటు పక్క వరసలో ఆయన దుకాణం. దుకాణమనడం మర్యాదకి, నిజానికి తలుపు తీసిన బీరువా అంత ఉంటుంది. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చెప్పవు. డెబ్భై ఆరేళ్ల మనిషి, కంటికి గుండ్రటి అద్దం బిగించుకుని, దుమ్ము కణమంత చక్రాలని చిమటాతో పట్టి తిప్పేవాడు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఊళ్లో ప్రతి చేతి మీదా ఆయన చెయ్యి పడిన గడియారమే ఉండేది.

ఆ కళ్లకి శుక్లాలొచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. మా నాన్న గడియారానికి గంటల ముల్లు చోట నిమిషాల ముల్లు, దాని చోట ఇది బిగించేశాడు. నాన్న తొమ్మిదింటి డ్యూటీకి పావుతక్కువ ఒంటిగంటకి వెళ్లి, గడియారం చూపించి మరీ వాదించాడు. నవ్వుకున్నాం గానీ, తర్వాత ఇంకొకరి గడియారంలో స్ప్రింగు పోయింది, ఇంకొకరిది అద్దం పగిలింది. మెల్లగా జనం ఇవ్వడం మానేశారు. తాత మాత్రం రోజూ తలుపు తీసి, ఒకే గడియారాన్ని విప్పి బిగిస్తూ కూర్చునేవాడు.

"పక్క నగరంలో కంటాసుపత్రి ఉంది, ఆపరేషన్ ఉచితం, పైసా తీసుకోరు. వెళ్లవేం? ఎంత మొండితనం!" అని గేటు దాటే ప్రతివాడూ అనేవాడు. నేనూ అన్నాను. తాత తల వంచుకుని చక్రం తిప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన గోడ పట్టుకుంటూ మా లాబుకి రెండంతస్తులు ఎక్కి వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. అత్తయ్య బల్ల మీద పెట్టి విప్పాడు. రెండు పిడికిళ్లంత నల్లరాయి. ఎత్తితే చెయ్యి కిందికి లాగేసేంత బరువు.

"అమ్మాయ్, ఇది ఉల్క. దీనికి రేటు కట్టు."

మేమంతా చుట్టూ మూగాం. తాత చెప్పుకొచ్చాడు. నలభై ఎనిమిదేళ్ల కిందటి మాట. కొత్తగా పెళ్లయింది. సాయంత్రం చీకటి పడే వేళ, ఫ్యాక్టరీ వెనక గుట్ట పక్క బాటలో ఆలుమగలు నడుస్తున్నారు. పైనుంచి ఎర్రగా నిప్పుముద్ద ఒకటి పడి, దొర్లుకుంటూ వచ్చి పదడుగుల దూరంలో ఆగింది. చల్లారేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఆవిడ కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. "మనకి ఏ కష్టమొచ్చినా ఇదుందిలే," అని పెట్టెలో దాచింది. పేపర్లలో ఆకాశపు రాళ్లకి ఎన్ని కోట్లో చదువుతున్నారు కదా, ఇప్పుడు అవసరం వచ్చింది.

అత్తయ్య అలవాటు చొప్పున నోరు తెరిచింది. "బాగానే ఉంది గానీ బాబాయ్, కిందికి..."

"ఖర్చు లేదమ్మా," అన్నాడు తాత. "దానంతటదే దిగింది."

లాబు ఘొల్లుమంది. కొలిమి మేస్త్రి పటకారు వదిలేసి చప్పట్లు కొట్టాడు. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్నకి సున్నా అని జవాబు చెప్పిన మొదటి మనిషి ఆయనే. అత్తయ్య తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

తర్వాత రాయిని దీపం కిందికి జరిపి చూసింది. చూడ్డమెందుకు, ఆ లాబులో అందరికీ ఒక్క చూపుకే తెలిసిపోయింది. గాజులా నిగనిగ, లోపల బుడగలు. అది చిట్టెం. లోహం తీసేశాక కొలిమిలో మిగిలే కరిగిన మడ్డి. ఫ్యాక్టరీ వెనక గుట్ట గుట్టంతా అదే. గని రోజుల్లో సాయంత్రంపూట బండి గుట్ట మీదికి ఎక్కి, ఎర్రగా కాగుతున్న చిట్టెం కిందికి ఒంపేది. మా ఊరివాళ్లు కాక ఇంకెవరూ పడలేని పొరపాటు అది. ఎవరో కిసుక్కుమన్నారు. అత్తయ్య తల తిప్పి చూసింది, ఆ కిసుక్కు గొంతులోనే ఆగిపోయింది.

"నమూనా తీసుకుంటున్నాను బాబాయ్. చిన్న ముక్క గీకుతాను, పరవాలేదా? మూడు రోజుల్లో రండి."

ఆయన మెట్లు దిగాక నేను దగ్గరికెళ్లాను. "అత్తయ్యా, చిట్టెం అని రాసేయమంటావా?"

అత్తయ్య గీకిన ముక్కని మూసలో వేసింది.

ముప్ఫై నాలుగేళ్లలో ఆవిడ ఒక్క అబద్ధం రాయలేదు. పెద్ద కస్టమరు కోసం ఒక్క చుక్క పక్కకి జరపమని మేనేజరుగారే వచ్చి అడిగితే, ఆయన్నే కొలిమి దగ్గర నిలబెట్టి మళ్లీ పరీక్ష చేసి చూపించిన మనిషి. నిజం రాస్తే తాత నలభై ఎనిమిదేళ్ల పెట్టె ఖాళీ అయిపోతుంది. రాయకపోతే అత్తయ్య అత్తయ్య కాదు. మూడు రోజులు ఆవిడ ఏ వాక్యమూ పూర్తి చేయలేదు, త్రాసు ముందు లేనప్పుడు కూడా.

నాలుగో రోజు తాత వచ్చాడు. అత్తయ్య లేచి కుర్చీ వేసి, రిపోర్టు గట్టిగా చదివింది. బరువు ఇంత, ఇనుము ఇంత, రాగి ఇంత, నికెల్ కొద్దిగా. చివర్లో గొంతు సవరించుకుంది. "పుట్టుక: మహా వేడిలో కరిగి, ఎత్తు నుంచి కిందికి పడినది."

"అంటే ఆకాశం నుంచేనా?"

"ఎత్తు నుంచి బాబాయ్. ఎంత ఎత్తో కొలిచే పరికరం మా దగ్గర లేదు."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాకు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

"రేటు?"

"అమ్మొద్దు. కొనేవాడికి రాయే వస్తుంది, పిన్ని కొంగులో చుట్టి తెచ్చిన సంగతి రాదు. అసలెందుకు అమ్ముతున్నారు?"

"కళ్ల కోసం."

"ఆపరేషన్ ఉచితం కదా?"

"ఉచితమే," అన్నాడు తాత. "అందరూ అదే చెబుతారు."

అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది. "కిందికి దించడానికెంత బాబాయ్?"

తాత చెయ్యి చాపి కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు బస్సులు మారాలి, బోర్డులు కనపడవు. నాలుగు రోజులుండాలి, రాత్రి పక్కన ఒక మనిషి లేకపోతే చేర్చుకోరు. రెండు గంటలకోసారి చుక్కల మందు వెయ్యాలి, సొంతంగా వేసుకుంటే బుగ్గ మీద పడుతుంది. నెలరోజులు తల వంచకూడదు, తల వంచకపోతే దుకాణం లేదు. ఐదు కణుపులయ్యాయి. ఉచితమని చెప్పి తిట్టిన నాకు ఒక్కటీ తట్టలేదు. నా మీద నాకే చిరాకేసింది. ఆకాశంలో ప్లాటినం ఎంత ఉచితమో ఆ ఆపరేషనూ అంతే ఉచితం.

"సరే," అని లేచింది అత్తయ్య.

ఆవిడ సెలవు చీటీ చూసి మేనేజరుగారు ఎవరో దొంగసంతకం పెట్టారనుకున్నారు. ముప్ఫై నాలుగేళ్లలో మొదటిది మరి. అటు ఆసుపత్రిలో డాక్టరు, "అంతా ఉచితమమ్మా," అంటే, ఇదే ప్రశ్న ఆయన్నీ అడిగిందట. పేషెంట్లని తీసుకొచ్చే వ్యానుకి ఎంతవుతుందో ఆయన చేత లెక్క వేయించి గానీ వదల్లేదట. తిరిగొచ్చాక నెల రోజులు కొలిమి మేస్త్రి కొడుకూ నేనూ వంతులేసుకుని దుకాణం తెరిచాం. గడియారాలు బాగుచేయడం మాకు రాదు, కానీ తలుపు తెరిచి ఉంది కదా.

రెండో నెలలో నాన్న గడియారం తీసుకోవడానికి వెళ్లాను. ముళ్లు వాటి వాటి చోట్లలో ఉన్నాయి. తాత కంటికి అద్దం బిగించుకుని, రాయిని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"బుడగలు చూశావా? శుద్ధమైన చిట్టెం."

"తాతయ్యా... ఇప్పుడే తెలిసిందా?"

"ఇప్పుడేంటి, పడ్డ రోజే తెలుసు. ఆ బండి తోలింది మా బావమరిదే. 'జరుగు బావా, మీద పడుతుంది!' అని పైనుంచి కేకేశాడు. మీ మామ్మ ఉల్క అంది, ఉల్కే అన్నాను. కొత్త పెళ్లికొడుకుని, ఇంకేమంటాను?"

"మరి పరీక్షకి ఎందుకు తెచ్చారు?"

తాత అద్దం తీసి నన్ను చూశాడు. "డెబ్భై ఆరేళ్లొచ్చి ఒట్టి చేతులూపుకుంటూ వెళ్లి, 'అమ్మాయ్, నాకు కనపడ్డం లేదు, నాతో రా' అని అడగమంటావా? నోరు రాదు. మీ అత్తయ్య దగ్గర ఆ అవసరం లేదు. ఏదో ఒక గొప్ప చెప్పుకుంటే చాలు, ఆ ప్రశ్న తనే అడుగుతుంది. జవాబు చెప్పడమే మన వంతు. ఈ ఊళ్లో సగం మందికి తెలిసిన కిటుకే ఇది. మీ నాన్న ఫ్రిజ్ వచ్చిందని ముందు ఎవరింటికి పరిగెత్తాడు?"

తాళ్లు పట్టుకుని షికారు తిరిగిన నలుగురూ కళ్లముందు కదిలారు.

"నాన్నకీ తెలుసా?"

"తెలియకేం. మరి నువ్వు? సీటొచ్చిందని ముందు మీ అమ్మకి చెప్పావా, అత్తయ్యకా?"

నేను గడియారం తీసుకుని వచ్చేశాను. ఆ రోజు లాబు తలుపు దగ్గర ఐదు నిమిషాలు ఎందుకు కాచుకున్నానో, హాస్టల్ సంగతి అరిచి మరీ ఎందుకు చెప్పానో దారంతా ఆలోచించాను. ఇన్నేళ్లూ ఆవిడ మమ్మల్ని ఏడిపిస్తోందనుకున్నాను. శభాష్ అని భుజం తట్టి వెళ్లిపోయినవాళ్లెవరూ నా మూట ఎంత బరువుందో అడగలేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

మొన్న అత్తయ్య రిటైరయింది. సభలో మేనేజరుగారు మాట్లాడి మాట్లాడి, చివరికి ఆవిడ ముప్ఫై ఐదేళ్లు ఊపిరి బిగబట్టిన ఆ పాత త్రాసుని, అద్దాల పెట్టెతో, కింద ఉన్న రాతి పలకతో సహా బహుమతిగా ఇస్తున్నామని ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఏదో చెప్పబోయి, అలవాటు కొద్దీ మధ్యలో ఆగిపోయింది.

అప్పుడు వెనక వరసలోంచి గడియారాల తాత లేచాడు.

"బాగానే ఉంది గానీ అమ్మాయ్, కిందికి దించడానికెంత?"

లాబు రెండో అంతస్తులో ఉంది. రాతి పలకే ఒక మనిషంత బరువు. అటు అత్తయ్య ఇంటి మెట్లు మా మెట్ల కంటే ఇరుకు. ఇవన్నీ ఆవిడ మొహంలో ఒక్కొక్కటిగా కనిపించాయి. బొటనవేలు మొదటి కణుపు మీదికి వెళ్లింది, అక్కడే ఆగింది.

"నన్నా అడుగుతున్నారు?" అంది.

"నిన్నే. చెప్పు, వింటున్నాం."

తలుపు దగ్గర నలుగురు కొలిమి పనివాళ్లు తాళ్లతో సిద్ధంగా ఉన్నారు. వాళ్ల ముందు మా నాన్న, చొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడ్డాడు. అత్తయ్య వాళ్లని చూసింది, తాతని చూసింది, నన్ను చూసింది. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, మొహమంతా ఎర్రబడి, కొంచెం నవ్వుతూ, తడబడుతూ చెప్పింది.

"నలుగురు చాలరు. మెట్ల మలుపు దగ్గర ఇంకొకరుండాలి."

నేను చెప్పులు విడిచి వెళ్లి మలుపు దగ్గర నిలబడ్డాను.